పైలట్‌కి తుపాకీ ఇస్తే చిన్నమ్మకి నిద్ర పడుతుందా?

మా చిన్నమ్మ వాళ్లది హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8. ఆదివారం పొద్దున్నే ఉప్పల్ రోడ్డు నిండకముందే వెళ్లి, ఆమె చేతి దోశలు తిని రావడం నాకు అలవాటు. మొన్న వెళ్లేసరికి చిన్నమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా కూర్చుని కాందహార్ హైజాక్ మీద 2024లో వచ్చిన వెబ్‌సిరీస్ చూసిందట. మామూలుగా అయితే నవ్వేసేవాణ్ని. కానీ వాళ్లబ్బాయి, అంటే నా తమ్ముడు, ఒక ఎయిర్‌లైన్స్‌లో ఫస్ట్ ఆఫీసర్. ఉద్యోగంలో చేరి ఇంకా రెండేళ్లు కాలేదు.

పెనం మీద పిండి తిప్పుతూ అడిగింది: "ఏంరా, పోలీసోళ్లకు ఇస్తరు, బ్యాంకు వాచ్‌మన్‌కు ఇస్తరు. అంతమంది ప్రాణాలు చేతుల పెట్టుకుని పోయే పిలగానికి ఒక తుపాకి ఇస్తే ఏం పోతది గవర్నమెంటుకు?"

నాకు వెంటనే జవాబు తట్టలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమె మాటే కరెక్టనిపించింది. ఇంటికొచ్చి దీని గురించి చదవడం మొదలుపెట్టాను. వారం పట్టింది.

చిన్నమ్మ అడిగిన ప్రశ్నే అమెరికాలో 2001 సెప్టెంబర్ 11 తర్వాత పైలట్ల సంఘాలు అడిగాయి. ప్రభుత్వం మొదట ఒప్పుకోలేదు. పైలట్ పని విమానం నడపడం, తుపాకీ పట్టడం కాదు అంది. పైలట్లు ఊరుకోలేదు. "హైజాక్ అయిన విమానాన్ని కూల్చడానికి యుద్ధవిమానాన్ని పంపిస్తారు గానీ, కూలకుండా ఆపే చివరి అవకాశం మాకివ్వరా?" అన్నది వాళ్ల వాదన సారాంశం. కాదనడం కష్టమైన వాదన. 2002 జులైలో ప్రతినిధుల సభ 310–113 ఓట్లతో, సెప్టెంబర్‌లో సెనేట్ 87–6 ఓట్లతో పైలట్ల వైపు నిలిచాయి. 2003 ఏప్రిల్‌లో మొదటి బ్యాచ్ శిక్షణ ముగించుకుని బయటికొచ్చింది. ఇష్టపడి ముందుకొచ్చిన పైలట్లకే తుపాకీ ఇస్తారు. ముందు వాళ్ల మానసిక స్థితిని పరీక్షిస్తారు, తర్వాత ట్రైనింగ్ ఇస్తారు. కాక్‌పిట్‌ను కాపాడుకోవడానికి తప్ప దాన్ని వాడకూడదు. అంటే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన చుట్టాలు దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లేటప్పుడు, ముందు కూర్చున్న పైలట్ దగ్గర పిస్టల్ ఉండొచ్చు. వాళ్లకి ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం కూడా ఆ పద్ధతిలో భాగమే.

మన దేశం ఆ దారిన వెళ్లలేదు. కాందహార్ ఘటన తర్వాత మనవాళ్లు ఎంచిన కొన్ని విమానాల్లో స్కై మార్షల్స్‌ను పెట్టారు. వాళ్లు ఎన్‌ఎస్‌జీ కమాండోలు. మామూలు బట్టల్లో మన పక్కనే కూర్చుంటారు. విమానాశ్రయాల కాపలా 2000 నుంచి ఒక్కొక్కటిగా సీఐఎస్ఎఫ్ చేతికొచ్చింది. ఆ దళం అకాడమీ మన హకీంపేటలోనే ఉంది. పైలట్ చేతికి మాత్రం ఏ ఆయుధమూ ఇవ్వలేదు.

సరే, చిన్నమ్మ చూసిన కథలోనే తుపాకీ పెట్టి చూద్దాం. 1999 డిసెంబర్ 24, ఖాట్మండు నుంచి ఢిల్లీ వస్తున్న ఐసీ–814. లోపల దాదాపు 190 మంది. హైజాకర్లు ఐదుగురు. కెప్టెన్ దేవీ శరణ్ దగ్గర పిస్టల్ ఉందనుకుందాం. కాక్‌పిట్‌లోకి చొరబడ్డవాణ్ని ఆయన కాల్చేశారనే అనుకుందాం. మిగతా నలుగురు ఎక్కడున్నారు? వెనక, ప్రయాణికుల మధ్య. తర్వాత ఏం జరిగేదో ఊహించుకోవాలంటేనే భయమేస్తుంది. ఆ రోజు అమృత్‌సర్‌లో విమానం సుమారు 50 నిమిషాలు నేల మీదే ఉంది. దాన్ని కదలకుండా ఆపాల్సిన నిర్ణయం కింద ఉన్నవాళ్లు తీసుకోలేకపోయారు. కమాండోలు సమయానికి రాలేదు. ఇంధనం నింపకుండానే విమానం మళ్లీ లేచిపోయింది. ఆ రాత్రి లేనిది పైలట్ చేతిలో తుపాకీ కాదు, నేల మీద నిర్ణయం.

అప్పటికీ ఇప్పటికీ ఇంకో పెద్ద తేడా ఉంది. అప్పట్లో కాక్‌పిట్ తలుపు పేరుకే తలుపు. ఇప్పుడు దాన్ని బుల్లెట్ తగిలినా తట్టుకునేలా చేస్తున్నారు. లోపలివాళ్లు తీస్తే తప్ప మామూలుగా తెరుచుకోదు. అంటే తలుపు మూసి ఉన్నంతసేపూ తుపాకీతో పనే లేదు. దాని అవసరం వచ్చేది ఎప్పుడో తలుపు తెరిచినప్పుడే. పైలట్ బాత్రూమ్‌కి వెళ్లే రెండు నిమిషాలు, భోజనం లోపలికి అందించే అర నిమిషం. గొడవంతా ఈ కాసేపటి గురించే. నాకు ఈ విషయం అర్థమయ్యాక మొత్తం చర్చ వేరేలా కనిపించింది.

ఇక తుపాకీ వల్ల వచ్చే చిక్కులు. విమానానికి చిన్న చిల్లు పడితే అది సినిమాలోలా ముక్కలైపోతుందని చాలామంది అనుకుంటారు. అలా ఏం జరగదు. కానీ కాక్‌పిట్ అంటే మన బాల్కనీ అంత జాగా. చుట్టూ పరికరాలు, వైర్లు, పక్కనే ఇంకో పైలట్. 2008 మార్చి 22న డెన్వర్ నుంచి షార్లట్ వెళ్తున్న ఒక విమానంలో, దిగే ముందు పైలట్ తన పిస్టల్‌ను సర్దుతుండగా అది పేలింది. గుండు విమానం గోడలోంచి బయటికి పోయింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు, విమానం క్షేమంగా దిగింది. తుపాకీని పెట్టుకునే తొడుగుకు తాళం వేసే ఏర్పాటులోనే లోపముందని అప్పట్లో విమర్శలొచ్చాయి. సరిగ్గా అదే రాత్రి ఇక్కడ బేగంపేట నుంచి శంషాబాద్‌కి విమానాలు మారుతున్నాయి. మేం పిల్లలం డాబా ఎక్కి, బేగంపేట వైపు దిగే విమానాలు రేపట్నుంచి కనపడవని బాధపడ్డాం. తమ్ముడికి పైలట్ పిచ్చి పట్టింది ఆ డాబా మీదే.

దానికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన విషయం వేరే ఉంది. ప్రమాదం ఎప్పుడూ బయటినుంచే రాదు. 2018 అక్టోబర్ 25న విశాఖ విమానాశ్రయం లాంజ్‌లో, అప్పటి ప్రతిపక్ష నేత జగన్‌మోహన్‌రెడ్డి మీద కోడికత్తితో దాడి జరిగింది. దాని చుట్టూ నడిచిన రాజకీయాలు మనకిక్కడ అనవసరం. భద్రత కోణంలోంచి మాత్రమే చూడండి. అరెస్టయిన వ్యక్తి ప్రయాణికుడు కాదు, అక్కడి రెస్టారెంట్‌లో పనిచేసే ఉద్యోగి. మన బ్యాగులో గోళ్ల కత్తెర దొరికితే తీసి పక్కన పడేసే చోట, కోడి కాలికి కట్టే కత్తి లోపలిదాకా వచ్చింది.

2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానం సంగతి ఇంకా ఘోరం. కెప్టెన్ బాత్రూమ్‌కని బయటికి వెళ్లగానే కో–పైలట్ లోపల తాళం పెట్టుకుని, విమానాన్ని ఆల్ప్స్ కొండలకు గుద్దేశాడు. 150 మంది పోయారు. హైజాకర్లను ఆపడానికి కట్టిన తలుపే ఆ రోజు కెప్టెన్‌ను ఆపింది. మా సాఫ్ట్‌వేర్ పనిలో కూడా ఇదే భయం. బయటివాడు దూరకుండా ఎంత గట్టి తాళమైనా వేస్తాం. లోపల అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్నవాడి మనసు తిరిగితే ఏం చేయాలో చాలాసార్లు ముందు ఆలోచించం.

తుపాకీ కావాలనేవాళ్లకు బలమైన ఉదాహరణ లేకపోలేదు. 1994 ఏప్రిల్ 7న అమెరికాలో ఫెడెక్స్ సరుకుల విమానంలో ఎక్కిన ఒకడు సుత్తులతో, చేపలు పట్టే ఈటె తుపాకీతో ముగ్గురు సిబ్బంది మీద పడ్డాడు. ముగ్గురి తలలూ పగిలాయి. కో–పైలట్ ఆ రక్తంలోనే విమానాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పి, దాడి చేసినవాడు నిలబడలేకుండా చేశాడు. మిగతా ఇద్దరూ వాణ్ని అదిమిపట్టారు. ముగ్గురూ బతికి బయటపడ్డారు, కానీ ఆ గాయాలతో మళ్లీ ఉద్యోగంలో విమానం నడపలేకపోయారు. వాళ్ల దగ్గర ఒక పిస్టల్ ఉండుంటే? అవును, కథ వేరేలా ఉండేదేమో. దాన్ని నేను కాదనను. కానీ ఆ దాడి చేసింది కూడా అదే కంపెనీలో విమాన సిబ్బందే. సిబ్బందికి తుపాకులిచ్చే పద్ధతి అప్పటికే ఉండుంటే, సుత్తికి బదులు వాడి చేతిలోనూ పిస్టల్ ఉండే అవకాశం లేదంటారా?

మరి తలుపు తెరిచే ఆ రెండు నిమిషాలకి ఏం చేయాలి? జవాబు చాలా సాదాసీదాది. ఇంకో గేటు. మన అపార్ట్‌మెంట్లలో చెక్క తలుపు ముందు ఇనుప గ్రిల్ పెట్టించుకుంటాం కదా, అలాంటిదే. కాక్‌పిట్ తలుపు తీసేముందు దాని ఎదురుగా ఈ గేటు వేస్తారు. ఎవడైనా దూసుకొచ్చినా దాన్ని దాటేలోగా అసలు తలుపు మూసేయొచ్చు. ప్రస్తుతం చాలాచోట్ల ఈ పని చేస్తున్నది ఎవరో తెలుసా? ఎయిర్‌హోస్టెస్, ఆమె ముందు అడ్డంగా పెట్టిన ఫుడ్ ట్రాలీ. సెప్టెంబర్ 11న చనిపోయిన కెప్టెన్ విక్టర్ సరసినీ భార్య ఈ గేటు కోసం ఏళ్ల తరబడి పోరాడింది. కొత్తగా తయారయ్యే ప్రయాణికుల విమానాలకు ఇది ఉండాలని అమెరికా 2023 జూన్‌లో నియమం తెచ్చింది. తుపాకీ చట్టానికి ఏడాది పట్టింది. గేటు నియమానికి ఇరవై ఏళ్లు దాటింది. గేటు గురించి టీవీలో ఎవరూ అరుచుకోరు మరి.

మన దగ్గర ఈ చర్చ మళ్లీ వస్తే నేను గేటు వైపే ఉంటాను. దానికి మానసిక పరీక్ష అక్కర్లేదు, చేతిలో పేలదు, ఎవడూ లాక్కుని మన మీదే వాడలేడు. దానితోపాటు విమానాశ్రయంలో పనిచేసే ప్రతి మనిషినీ, ప్రయాణికుణ్ని చూసినంత కచ్చితంగా రోజూ తనిఖీ చేయాలి. పైలట్లు తమ మనసు బాగోలేదని ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా చెప్పుకునే దారి ఉండాలి.

ఈ సంగతులన్నీ మోసుకుని తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. ఆ రోజు తమ్ముడు కూడా ఇంట్లోనే ఉన్నాడు. నా ఉపన్యాసం పూర్తిగా విననే లేదు. "అన్నా, తుపాకి నాకొద్దు. అది పక్కన పెట్టుకుంటే నా ధ్యాసంతా వెనక తలుపు మీదనే ఉంటది. నేను చూడాల్సింది ముందుకు కదా" అన్నాడు, చట్నీ వడ్డించుకుంటూ.

చిన్నమ్మ ఏమీ అనలేదు. కాసేపాగి, "మరి గా గేటు మీ విమానంల ఉన్నదా రా?" అని అడిగింది.

వాడు నవ్వి, "ఇప్పటికైతే ట్రాలీనే అమ్మా" అన్నాడు.

ఆమె నవ్వలేదు. ఆ ప్రశ్న అడగాల్సింది వాణ్ని కాదని నాకు తెలుసు.