"నీ టైం బాగలేదు" అనే మాట వెనక ఎవరున్నారు?

ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి, ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చదివి వినిపించండి.

పోయిన వానాకాలంలో మా కాలనీలో జరిగిన సంగతితో మొదలుపెడతాం. కావలి నుంచి సముద్రం వైపు పోతా ఉంటే రొయ్యల గుంటలు కనిపిస్తా ఉంటాయి కదా. మా యానాది కాలనీలో చానామందికి అక్కడే కాపలా పని. రాత్రంతా ఏరేటర్లు ఆగకుండా చూడాలి, కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి, తెల్లారేలోపు గట్లన్నీ నాలుగైదుసార్లు తిరిగి రావాలి. మేం మామ అని పిలిచే ఒకాయన ఆ రాత్రి ఒక్కడే ఉన్నాడు. కరెంటు పోయింది. టార్చిలైటు చార్జింగ్ అయిపోయింది. జనరేటర్ కాడికి చీకట్లో నడిచిపోతా ఉంటే కాలి మీద పాము కరిచింది. కాళ్ళకి హవాయి చెప్పులు తప్ప ఇంకేం లేవు.

బైక్ మీద ఆసుపత్రికి తీసకపోయినారు. మందు ఎక్కించారు, బతికాడు. కానీ కాలు వాచిపోయి నెలన్నర పనికి పోలేకపోయాడు. గుంట యజమాని ఒకసారి వచ్చి చూసి, ఐదొందలు చేతిలో పెట్టి, "ఏం చేస్తాంరా, నీ టైం బాగలేదు" అని వెళ్ళిపోయాడు. తర్వాత లెక్క చూస్తే ఆ నెలన్నరకి జీతం లేదు. ఇంటి ఖర్చుకి తెచ్చుకున్న డబ్బులు పాత అడ్వాన్సు మీద ఎక్కినాయి.

యజమాని ఆ మాట అనడంలో ఆశ్చర్యం ఏం లేదు. మాకు కష్టమనిపించింది ఏందంటే, మామ కూడా అదే అన్నాడు. "ఆ రోజు పొద్దున ఎవరి మొహం చూసి లేచినానో" అన్నాడు. అత్త శనివారం గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. అందుకే ఈ పోస్టు రాస్తున్నాం. పనిలో వచ్చిన చెడ్డ రోజుని మనం దురదృష్టం అన్న ప్రతిసారీ, ఎవరిదో బాధ్యతని మనమే మాఫీ చేస్తున్నాం అని మా అభిప్రాయం.

చెడ్డ రోజు ఎవరికైనా వస్తుంది, కాదనం. ఆఫీసులో పనిచేసేవాళ్ళకి కూడా వస్తుంది. బస్సు తప్పిపోతుంది, పై ఆఫీసరు తిడతాడు, మెట్ల మీద జారి పడతారు. కానీ వాళ్ళకి సెలవుంది, నెలాఖరుకి జీతం పడుతుంది. వాళ్ళ చెడ్డ రోజు సాయంత్రానికో వారానికో అయిపోతుంది. మామ చెడ్డ రోజు మాత్రం ఇంకా అయిపోలేదు. అడ్వాన్సు తీరేదాకా అది నడుస్తానే ఉంటుంది.

సరే, పాము రావడం మామ చేతుల్లో లేదు, యజమాని చేతుల్లోనూ లేదు. మరి మిగతావి? ఇంకో టార్చిలైటు, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, జనరేటర్ కాడ ఒక బ్యాటరీ లైటు, రాత్రిపూట ఇంకో మనిషి. ఇవేవీ నుదుటి రాతలు కావు. ఖర్చు మిగిలించుకున్నవాళ్ళు ఒకరు, దాని ఫలితం అనుభవించినవాళ్ళు ఇంకొకరు.

మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సుమారు 58,000 మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం చెప్పింది. దాదాపు అందరూ పల్లెల్లోవాళ్ళే, సగం మంది వానాకాలంలోనే. అదృష్టం దురదృష్టం అనేవి మనిషిని చూసి రావు అంటారే, మరి ఇదెందుకు బురదలో, గట్ల మీద, చీకట్లో పనిచేసేవాళ్ళనే వెతుక్కుంటా వస్తోంది?

కావలి చరిత్ర తెలిసినవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. ఆ రోజుల్లో మన ఎరుకల కుటుంబాలని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు ఒకటి ఈ కావలిలోనే, అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ చేతుల్లో నడిచింది. ఫలానా కులంలో పుట్టడమే నేరం అన్నారు. పుట్టుకనే తలరాతగా రాసి, దాన్ని చట్టం చేశారు. రోజూ హాజరు పిలుపు, బయటికి పోవాలంటే పాసు. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. ఊరూరా తిరిగి సోది చెప్పి, అందరికీ మంచి రోజులొస్తాయని ధైర్యం ఇచ్చింది మన ఎరుకల ఆడవాళ్ళు. వాళ్ళ పిల్లలకే పుట్టుకతో చెడ్డ రాత అంటగట్టారు.

అప్పుడు రిజిస్టర్‌లో మన పేరు రోజూ పిలిచేవాళ్ళు, మనం పారిపోకుండా. ఇప్పుడు గుంట కాడ ఏ పుస్తకంలోనూ మన పేరు లేదు. పనిలో గాయపడితే యజమాని పరిహారం ఇవ్వాలనే చట్టం ఈ దేశంలో 1923 నుంచే ఉంది. ఇప్పుడది 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. అడ్వాన్సు పేరుతో మనిషిని పనికి కట్టిపడెయ్యడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం. కానీ కాగితం అడిగితే మామ కాడ ఏముంది? హాజరు లేదు, జీతం చీటీ లేదు. అడ్వాన్సు లెక్క కూడా యజమాని చిన్న పుస్తకంలోనే ఉంటుంది. రాత లేనప్పుడు మిగిలేది తలరాత ఒక్కటే.

పక్కనే తమిళనాడులో ఇరుళ సోదరులని చూడండి. వాళ్ళు 1978లో పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం పెట్టుకున్నారు. లైసెన్సు మీద పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది. ఆ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకి 2023లో పద్మశ్రీ వచ్చింది. మామని కరిచిన పాములాంటివే వాళ్ళూ పట్టేది. ప్రమాదం వాళ్ళకీ ఉంది. తేడా ఏందంటే, వాళ్ళ పనికి సంఘం ఉంది, లెక్క ఉంది, పేరు ఉంది.

మన పెద్దవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. వల వేసిన ప్రతిసారీ చేపలు పడవని తెలుసు కాబట్టే, పడినరోజు పడనివాళ్ళ ఇంటికి కూడా కూర పోయేదని మా నాయనమ్మలు చెప్తారు. ఒకరి చెడ్డ రోజు ఆ ఒక్కరి నెత్తిమీదే ఉండేది కాదు. కూలికి పోవడం మొదలైనాక ఆ పంచుకోవడం పోయింది, దాని బదులు రావాల్సిన ఇన్సూరెన్సు మన దాకా రాలేదు.

ఉపన్యాసం చాలు. చేతిలో ఉన్న పనులు చెప్తాం.

ఒకటి: ప్రధానమంత్రి సురక్షా బీమా. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ళ లోపు బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళందరికీ. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. పాముకాటుకి కూడా వర్తిస్తుంది, కానీ ఆసుపత్రి కాగితాలు ఉండాలి, అవి పారేయొద్దు. ఏటా జూన్ 1 నుంచి కొత్త ఏడాది లెక్క. అప్పుడు ఖాతాలో ఆ 20 లేకపోతే బీమా ఆగిపోతుంది. మేలోనే ఇంట్లో అందరి పాసుపుస్తకాలూ చూడండి. మామలాగా కరిచి, కాలు కోలుకుని బతికినవాళ్ళకి మాత్రం ఇందులో రూపాయి కూడా రాదు. పోయిన కూలీ యజమానిని అడగాల్సిందే.

రెండు: అడగాలంటే రాత కావాలి. మనం చదువుకున్నాం కదా. ఒక నోటుబుక్ కొని నాయన ఏ రోజు ఎవరి గుంట కాడ పనిచేశాడో, ఎంత ఇచ్చారో, అడ్వాన్సు ఎంత తీరిందో రాయండి. ఫోన్‌పేలో వస్తే స్క్రీన్‌షాట్ దాచండి.

మూడు: పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నడిపించొద్దు. మన పసరు వైద్యం మీద మాకు గౌరవం ఉంది, కానీ పాముకాటుకి ముందు ఆసుపత్రి.

నాలుగు: బూట్లు, టార్చిలైటు ఒక్కరే అడిగితే "రేపట్నించి రావద్దు" అంటారు. అందుకే కాలనీలో కాపలాకి పోయే వాళ్ళందరూ కలిసి ఒకే రోజు అడగాలి. మా కాలనీలో మొన్న ఆదివారం పదకొండు మంది కూర్చుని మాట్లాడుకున్నారు. మామ కూడా కర్ర పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ముందు ఏం మాట్లాడలేదు. చివర్లో, "బూట్లు అడిగేటప్పుడు నా పేరు కూడా రాయండిరా" అన్నాడు.

మీ కాలనీల్లో ఎట్లా ఉందో కింద రాయండి. యజమానుల పేర్లు వద్దు, జరిగిన సంగతి చాలు.