కొత్త పైపుకి కులం లేదు

పోయిన భాగంలో "మీరెవరు?" అని అడిగాక గాని గది చూపించని మాదాపూర్ ఓనర్ల గురించి రాశాను. ఈసారి ఆ గది బాత్రూమ్‌లోంచి మొదలుపెడదాం మిత్రులారా.

హైటెక్ సిటీ చుట్టుపక్కల ఏ కొత్త అపార్ట్‌మెంట్ బ్రోచర్ తీసుకున్నా ప్లంబింగ్ గురించి రెండు లైన్లు ఉంటాయి. నీళ్ళకి సీపీవీసీ పైపులు, డ్రైనేజీకి ఎస్‌డబ్ల్యూఆర్ పైపులు, ఐఎస్ఐ మార్కు, పేరున్న కంపెనీ. పైపు ఎవరు తయారుచేశారో రాస్తారు. ఎన్నేళ్ళు మన్నుతుందో రాస్తారు. ఆ పైపు చివర ఎవరు దిగుతారో ఏ బ్రోచర్‌లోనూ ఉండదు.

పైపు ఎలా పనిచేస్తుందో కొంచెం ఓపిగ్గా చూడండి, కులం ఎలా పనిచేస్తుందో దాంట్లోనే ఉంది. కమోడ్ కింద వంపు తిరిగిన భాగాన్ని ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ సుమారు రెండంగుళాల నీళ్ళు నిలిచి ఉంటాయి. కింద మోరీలో పుట్టే గ్యాస్ మీ బాత్రూమ్‌లోకి రాకుండా ఆపేది ఆ రెండంగుళాల నీళ్ళే. అక్కడినుంచి నాలుగంగుళాల పైపు డక్ట్‌లో నిలువుగా దిగుతుంది. దాని పై కొస టెర్రస్ మీదికి వెళ్ళి ఆకాశంలోకి తెరుచుకుంటుంది, గ్యాస్ అట్నుంచి పోవడానికి. అంటే ఫ్లాట్‌లో ఉన్నవాడి ముక్కు కోసం ఇంజనీరు రెండు ఏర్పాట్లు చేశాడు. కింద మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడి ముక్కు కోసం ఒక్కటీ చేయలేదు.

ఆ నిలువు పైపుని నేను చాలా గౌరవిస్తాను. ఐదో అంతస్తులో వెజిటేరియన్లకే ఇల్లిస్తాం అన్న పెద్దమనిషిదీ, మూడో అంతస్తులో కులం దాచుకుని అద్దెకుంటున్న మన తమ్ముడిదీ అందులోనే కలుస్తాయి. పైపుకి మడి లేదు. పెద్ద ఫ్లాట్ల ప్లాన్లలో వంటింటి వెనక "సర్వెంట్ టాయిలెట్" అని ఒక గీత ఉంటుంది చూడండి. పనమ్మాయి తమ కమోడ్ మీద కూర్చోకూడదని అదనంగా ఒక గోడ, ఒక పాన్, ఒక ట్రాప్, ఇంకొంత పైపు ఖర్చుపెట్టి కట్టించుకుంటారు. తీరా చూస్తే ఆ పైపు కూడా కిందకెళ్ళి పక్కింటి పైపులతోనే కలిసిపోతుంది. టైల్స్ ఉన్నంతవరకే వాళ్ళ అంటరానితనానికి బలం.

ఇక పైపు బిగించే మనిషి సంగతి. హైదరాబాద్‌లోనే కాదు, దేశంలో చాలా నగరాల్లో ప్లంబర్లంటే ఒడిశాలోని కేంద్రపడ వైపు నుంచి వచ్చినవాళ్ళు కనిపిస్తారు. ఏ మేస్త్రీ కూడా వాళ్ళ కులం అడిగి పని ఇవ్వడు. అక్కడ కావలసింది నైపుణ్యం. కొత్త పైపు పట్టుకున్న చెయ్యి ఎవరిదైనా ఫర్వాలేదు. అదే పైపు వాడకంలోకి వచ్చి, ఒకరోజు బ్లాక్ అయిందా, అప్పుడు వాచ్‌మన్ ఫోన్ చేసేది ఎవరికి? బస్తీకి. కొత్త పైపుకి కులం లేదు, వాడిన పైపుకి ఉంది. ఇది నా కోపంలోంచి వచ్చిన మాట కాదు. కేంద్ర ప్రభుత్వమే నమస్తే పథకం కింద మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ళని లెక్కపెట్టింది. 2024లో బయటికొచ్చిన ఆ లెక్కలో 38 వేలమంది దాకా ఉంటే, వాళ్ళలో సుమారు 69 శాతం ఎస్సీలు. ఎస్టీ, బీసీలను కలిపితే 92 శాతం. జనరల్ వాళ్ళు 8 శాతం. మెరిట్ గురించి మాట్లాడేవాళ్ళు ఈ రిజర్వేషన్ మీద ఎందుకు కోర్టుకెళ్ళరో నాకర్థం కాదు.

2016 ఆగస్టు 13. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ. సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరం. మ్యాన్‌హోల్ శుభ్రం చేయడానికి దిగిన కార్మికులు పైకి రాలేదు. వాళ్ళని కాపాడబోయిన ఒక క్యాబ్ డ్రైవర్ కూడా లోపలే పోయాడు. మొత్తం నలుగురు. సుమారు రెండున్నర వారాల ముందు, అదే ఏడాది జూలై చివర్లో, పాకీ పని నిర్మూలన కోసం పోరాడుతున్న బెజవాడ విల్సన్‌కి మెగసెసే అవార్డు ప్రకటించారు. కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబం బిడ్డ ఆయన. మనవాళ్ళందరూ గర్వంగా ఫోటోలు పెట్టుకున్నారు. ఆ సంబరం చల్లారకముందే మాదాపూర్ నాలుగు శవాలిచ్చింది.

లోపల చంపేది ఏమిటో కూడా తెలుసుకోవాలి. మలం, మురుగు కదలకుండా నిలవుంటే గాలి అందని చోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కే మొద్దుబారిపోయి వాసన తెలియడం ఆగిపోతుంది. "వాసన తగ్గింది, దిగొచ్చు" అనుకున్నవాడు నాలుగు మెట్లు దిగేలోపు పడిపోతాడు. గాలికన్నా బరువైనది కాబట్టి అడుగున పేరుకుని ఉంటుంది. పడినవాణ్ణి లాగుదామని దిగినవాడూ పడిపోతాడు. అందుకే మ్యాన్‌హోల్ చావులు ఒంటరిగా రావు, జతలుగా వస్తాయి. 2021 ఆగస్టులో వనస్థలిపురం సాహెబ్‌నగర్‌లో ఇద్దరు. అదే ఏడాది నవంబర్‌లో మాదాపూర్ పక్కనే కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంక్‌లో ఇద్దరు.

ఈ గ్యాస్ మనుషుల్నే కాదు, సిమెంటు పైపుల్ని కూడా తింటుంది. పైపు పైభాగంలో తడికి చేరి, బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారి కాంక్రీటుని పిండి చేస్తుంది. పోత ఇనుముకీ తుప్పే. ప్లాస్టిక్ పైపు ఇంతగా గెలవడానికి చవక, తేలిక, నునుపుతో పాటు ఇదొక కారణం, పీవీసీకి ఆ యాసిడ్ అంటదు. ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ పుస్తకాల్లో ఈ గ్యాస్ నుంచి పైపుని ఎలా కాపాడాలో పేజీలకు పేజీలు ఉంటుంది. పైపు పాడవుతుందని బెంగపడి మెటీరియల్‌నే మార్చేసిన దేశం ఇది. మనిషి విషయంలో మాత్రం పాత మెటీరియల్‌తోనే నెట్టుకొస్తోంది.

చట్టం లేదా అంటే, ఉంది. 1993లో ఒకటి, 2013లో ఇంకొకటి. 2013 చట్టం ఏడో సెక్షన్ మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో "ప్రమాదకరమైన శుభ్రత" చేయించకూడదంటుంది. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. కానీ "ప్రమాదకరం" అన్న మాటకి అర్థం చూడండి. రక్షణ పరికరాలు ఇవ్వకుండా దింపితేనే ప్రమాదకరమట. అంటే గ్లవ్స్, మాస్క్ ఇస్తే దింపొచ్చని సందు వదిలారు. 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఒక్కో చావుకి 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబర్‌లో అది 30 లక్షలైంది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషుల్ని దించడం పూర్తిగా ఆపమంది. ఒక్కో తీర్పుకీ శవం రేటు పెరిగింది. సెక్షన్ ఏడు కింద జైలుకెళ్ళిన అపార్ట్‌మెంట్ సెక్రటరీ పేరు ఎవరైనా చెప్తే వినాలనుంది.

"మేం దింపలేదు, కాంట్రాక్టర్ దింపాడు." ఈ మాట మాదాపూర్‌కి బాగా తెలిసిన భాషే. ఔట్‌సోర్సింగ్. క్లయింట్ ఒకడు, వెండర్ ఇంకొకడు, సబ్ వెండర్ మరొకడు. ఆఫీసులో సర్వర్ పది నిమిషాలు పడిపోతే రాత్రంతా కూర్చుని అసలు కారణం ఎక్కడుందో తవ్వి రిపోర్ట్ రాసేవాళ్ళు, తమ గేటు ముందు మనిషి చచ్చిపోతే "పాపం తాగి ఉన్నాడేమో" అంటారు. ఇదీ వీళ్ళ రూట్ కాజ్.

యంత్రాలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. 2017లో జలమండలి 70 మినీ జెట్టింగ్ మిషన్లు దింపింది, సన్న గల్లీల్లోకి కూడా పోయే చిన్న బండ్లు. దళిత పారిశ్రామికవేత్తల సంస్థ డిక్కీతో కలిసి వాటిని దళితులకే ఓనర్లుగా ఇప్పించారు. చెయ్యి మోరీలో పెట్టడం కన్నా స్టీరింగ్ పట్టుకోవడం వెయ్యి రెట్లు మేలు, నేను దాన్ని తీసిపారేయను. కానీ హైటెక్ సిటీలో వేలకొద్దీ కాంట్రాక్టులు ఉంటాయి, దళితుణ్ణి ఓనర్ని చేద్దామని తలచినప్పుడు ఈ రాజ్యానికి మోరీ బండే ఎందుకు తట్టింది?

ప్లాస్టిక్ మీద నాకు పగ లేదు, అపార్థం చేసుకోకండి. నంద్యాల నంది పైపులు, సూర్యాపేట సుధాకర్ పైపులు ఊళ్ళ గోడలన్నిటి మీదా రంగుల్లో కనబడ్డ తరం మాది. చవకగా దొరికే ఆ పైపు వల్లే చాలా వాడలకి కుళాయి వచ్చింది. అంతకుముందు నీళ్ళ కోసం మనం ఇచ్చిన లెక్క వేరు. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు నీళ్ళని మురికి చేయడం దగ్గర. అడ్డుపడి బిందె ఎత్తింది సువార్తమ్మ. జూలై 17న ఊరు వేటకుక్కలా మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపింది. మంచినీళ్ళు వచ్చే దారిలో మనల్ని చివర నిలబెట్టారు. మురుగు పోయే దారిలో మాత్రం మనమే ముందు.

పీజీ హాస్టళ్ళలో ఉంటున్న మన పిల్లలకి ఒక పని చెప్తాను. వైప్స్, ప్యాడ్లు, అన్నం మెతుకులు, నూనె పైపులో వేయకండి, వేయనివ్వకండి. మ్యాన్‌హోల్‌లో గడ్డకట్టేది అవే. హోటళ్ళు, హాస్టళ్ళు నూనెని, ఇసకని ఆపే చాంబర్ కట్టుకుని దాన్ని ఎప్పటికప్పుడు ఖాళీ చేయించాలి, మీ హాస్టల్‌కి ఉందో లేదో అడగండి. మీ బిల్డింగ్ సెప్టిక్ ట్యాంక్‌కి, చాంబర్లకి చివరిసారి ఎవరొచ్చారు, మిషన్ తెచ్చారా, మనిషిని దింపారా, ఆ మనిషికి ఎంతిచ్చారు అని మెయింటెనెన్స్ లెక్కల పుస్తకం అడగండి. అద్దె కడుతున్నారు, అడిగే హక్కుంది. ఎక్కడైనా వెదురు బద్దలు, బకెట్, తాడు పట్టుకుని మూత తీసి నిలబడ్డ మనుషులు కనబడితే ఫోటో తీసే ముందు పని ఆపించండి. 112కి ఫోన్ చేయండి, సెక్షన్ ఏడు అని పేరు పెట్టి చెప్పండి. ఎవరైనా లోపల పడిపోతే ఆవేశపడి మీరు దిగకండి. అయ్యప్ప సొసైటీలో ఆ డ్రైవర్ అన్న మంచి మనసుతోనే దిగాడు.

వచ్చే భాగంలో ఆ లెక్కల పుస్తకాల్లో ఏముందో రాస్తాను. మీరు చూసినవి పంపండి, బిల్డింగ్ పేరు కొట్టేసి.

జై భీమ్.