సర్వర్ 'కాసేపాగు' అంటే...

సోమవారం ఉదయం. ఆఫీసులో ఒకరు పంపిన మెయిల్ ఇంకొకరికి చక్కగా అందుతోంది. బయటి నుంచి రావాల్సిన ఆర్డర్లు మాత్రం ఒక్కటీ రావడంలేదు. నెట్ ఉంది, సర్వరూ నడుస్తోంది. మరి మెయిళ్లు ఏమైనట్టు?

మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్ వాడే కంపెనీల్లో ఇలా జరుగుతుంటుంది. 2007 వెర్షన్ నుంచీ అందులో 'బ్యాక్ ప్రెషర్' అనే ఏర్పాటు ఉంది. డిస్కులో ఎంత ఖాళీ ఉంది, మెమరీ ఎంత మిగిలింది... ఇలాంటివి ఎప్పటికప్పుడు చూసుకోవడం దాని పని. ఒత్తిడిని అది మూడు స్థాయులుగా లెక్కగడుతుంది. మామూలుగా ఉంటే వచ్చిన మెయిళ్లన్నీ తీసుకుంటుంది. కాస్త పెరిగితే బయటివి ఆపి, లోపలివి సాగనిస్తుంది. మరీ ఎక్కువైతే కొత్తవేవీ తీసుకోదు.

అలా వద్దన్నప్పుడు సర్వర్ ఇచ్చే జవాబు 452తో మొదలవుతుంది. మెయిల్ సర్వర్ల భాషలో 4తో మొదలయ్యే అంకెకు 'ఇప్పుడు కాదు, తర్వాత రా' అని అర్థం. పంపిన వైపు సర్వర్ కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. కాబట్టి మెయిల్ వెంటనే పోయినట్టు కాదు. అదే 5తో మొదలైతే ఇక తీసుకోనని చెప్పడమే.

బాస్ కేకలేస్తుంటే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌కి తోచే దగ్గరి దారి ఒకటుంది. కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక్క మాట మార్చి, ఆ కాపలానే ఆపేయడం! అప్పటికి మెయిళ్లు వచ్చేస్తాయి, నిజమే. కానీ డిస్కు పూర్తిగా నిండిన రోజున మెయిళ్ల క్యూ మొత్తం నిలిచిపోతుంది. చెరువు నిండుతోందని చెప్పిన నీరటిని పంపించేస్తే గట్టు నిలుస్తుందా?

చూడాల్సింది డిస్కు ఎందుకు నిండిందన్నది. తరచూ కనిపించే కారణం, ఆగిపోయిన బ్యాకప్. బ్యాకప్ సరిగా పూర్తయితేనే పాత లాగ్ ఫైళ్లు తొలగుతాయి. కొన్నాళ్లు అది జరగకపోతే గుట్టలా పేరుకుంటాయి. చేత్తో డిలీట్ చేయబోతే డేటాబేస్‌కే ముప్పు. బ్యాకప్‌ను సరిచేయడం, క్యూను వేరే పెద్ద డిస్కుకు మార్చడం అసలైన మందు. ఒత్తిడి పెరిగినప్పుడల్లా ఈవెంట్ లాగ్‌లో 15004 అనే నంబరు పడుతుంది. రోజూ ఓసారి అటు చూస్తే సోమవారం కంగారు ఉండదు.

మరి పంపేవారు? 'ఆలస్యమవుతోంది' అని సందేశం వస్తే అదే మెయిల్ పదిసార్లు పంపనక్కర్లేదు. మళ్లీ మళ్లీ పంపితే అవతలి సర్వర్‌కు భారం పెరుగుతుంది. అయితే ఆ ప్రయత్నాలకూ ఓ గడువుంటుంది. ఎక్స్ఛేంజ్‌లో మామూలుగా 2 రోజులు. సాయంత్రంలోగా చేరాల్సిన టెండరైతే మాత్రం వెంటనే ఫోన్ చేసి చెప్పేయడమే మేలు.