అడవిని కాల్చే కరెంటు పచ్చనిది కాదు

ఇంగ్లండ్‌లోని ఉత్తర యార్క్‌షైర్‌లో 1974లో బొగ్గుతో మొదలైన డ్రాక్స్ కేంద్రం బ్రిటన్‌లోనే అతి పెద్ద విద్యుత్ కేంద్రం. ఉన్న ఆరు యూనిట్లలో నాలుగింటిని 2013 - 2018 మధ్య కట్టె గుళికలకు మార్చారు. 2021 నాటికి బొగ్గు కరెంటు అమ్మకం ఆగింది. బొగ్గు ఆగడం మంచిదే. దాని స్థానంలోకి వచ్చిన ఇంధనానికి ‘పునరుత్పాదక’ ముద్ర వేసి, ప్రజల కరెంటు బిల్లుల్లోంచి వందల కోట్ల పౌండ్ల సబ్సిడీ ఇవ్వడం మాత్రం తప్పు.

చెట్టు పెరిగేటప్పుడు పీల్చుకున్న కార్బనే కాల్చినప్పుడు తిరిగి గాలిలో కలుస్తుంది, మళ్లీ మొక్క నాటితే లెక్క సరిపోతుంది అన్నది డ్రాక్స్ కంపెనీ వాదన. అలా సరిపోవడానికి పట్టే కాలాన్ని ఈ వాదన పక్కనపెడుతోంది. గుళిక బాయిలర్‌లో క్షణాల్లో కాలిపోతుంది. ఆ చెట్టంత చెట్టు పెరగడానికి దశాబ్దాలు కావాలి. వాతావరణానికి ఇప్పుడు లేనిదే ఆ వ్యవధి. పైగా ఒక యూనిట్ కరెంటుకు పొగగొట్టంలోంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ బొగ్గుకన్నా కట్టెకే ఎక్కువ. అయినా బ్రిటన్ విద్యుత్ రంగం పద్దులో అది సున్నా. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆ ఉద్గారాన్ని చెట్టు నరికిన దేశం తన భూవినియోగం పద్దులో చూపాలి. కాల్చేది ఒక దేశం, లెక్క చెప్పాల్సింది మరో దేశం.

గుళికలు ఎక్కువగా అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి ఓడల్లో వస్తాయి. రంపపు పొట్టు, పనికిరాని కొమ్మలే వాడుతున్నామని కంపెనీ చెబుతూ వచ్చింది. బ్రిటిష్ కొలంబియాలోని ప్రాథమిక అడవుల కలప కూడా ఈ సరఫరా గొలుసులోకి చేరుతోందని 2022లో బీబీసీ పనోరమా చూపింది. కెనడా కలప వివరాలు సరిగా ఇవ్వనందుకు 2024లో బ్రిటన్ ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ విచారణ తర్వాత కంపెనీ 2.5 కోట్ల పౌండ్లు చెల్లించింది. సబ్సిడీని అక్రమంగా పొందినట్టు ఆధారం దొరకలేదని కూడా ఆ సంస్థ చెప్పింది, నిజమే. కానీ తాను కాలుస్తున్న కలప ఏ రకమో సరిగా చెప్పలేని సంస్థకు పచ్చదనం పేరిట ప్రజాధనం ఎందుకు? మిసిసిపిలోని గ్లోస్టర్ ఊళ్లో కంపెనీ గుళికల మిల్లు గాలిని కలుషితం చేసినందుకు 25 లక్షల డాలర్ల జరిమానా పడింది. అక్కడ ఎక్కువ మంది పేద నల్లజాతివారు. ఇంగ్లండ్‌లో వెలిగే దీపానికి వారి ఊపిరి ఇంధనం కాకూడదు.

2025 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వం సబ్సిడీని దాదాపు సగానికి తగ్గిస్తామని ప్రకటించింది. కొత్త ఒప్పందం కింద డ్రాక్స్ సామర్థ్యంలో 27 శాతానికి మించి నడవకూడదని షరతు పెట్టింది. ఇది ప్రభుత్వం వేసిన వెనకడుగే. అయినా ఆ ఒప్పందం 2027 నుంచి 2031 వరకు సాగుతుంది. అక్కడితో ఆపాలి, పొడిగింపు ఉండకూడదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. థర్మల్ కేంద్రాలు బొగ్గులో 5 శాతం బయోమాస్ గుళికలు కలపాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021లో విధానం సవరించింది. వరిగడ్డి, పత్తికట్టె, కందికట్టె పొలంలోనే తగలబెట్టి పొగ చేసే బదులు రైతుకు నాలుగు రూపాయలు వచ్చేలా బాయిలర్‌కు పంపితే ఈ పత్రిక సమర్థిస్తుంది. ఆ గడ్డి ఏడాది తిరిగేసరికి మళ్లీ మొలుస్తుంది, అడవి మొలవదు. కానీ గడ్డి సేకరించి, ఎండబెట్టి, మోపులు కట్టి, నిల్వచేసి, మిల్లుకు చేర్చడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని. కోటా నింపాలన్న ఒత్తిడి పెరిగి, గడ్డి సకాలంలో అందకపోతే సరఫరాదారు చూపు చెట్ల మీదికే పోతుంది.

కాబట్టి కేంద్ర ప్రభుత్వం ఇప్పుడే గీత గీయాలి. పంట వ్యర్థాలకు మాత్రమే అనుమతి, అదీ థర్మల్ కేంద్రానికి చుట్టుపక్కల జిల్లాల నుంచే. గుళికల్లో నరికిన కలప ఉండకూడదు, విదేశీ గుళికల దిగుమతి వద్దు. ఏ లారీ ఏ మండలం నుంచి వచ్చిందో ప్రజలు చూడగలిగేలా ప్రకటించాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కేంద్రం కోసం చూడకుండా తమ విద్యుత్ ఉత్పత్తి సంస్థలైన జెన్‌కోల కొనుగోలు ఒప్పందాల్లో ఈ షరతులను వెంటనే రాయాలి.