చూరులో సీసా – తాళం ఎవరు వేయాలి?

తుపాకీ ఉన్న ఆసామి ఇంటికి వెళ్ళి చూడండి. లైసెన్సు లేనిదే అది గడప దాటి లోపలికి రాదు. ఎన్ని తూటాలు కొనవచ్చో, ఎన్ని దగ్గర పెట్టుకోవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. ఎన్నికలొచ్చాయంటే స్టేషనులో అప్పజెప్పి రమ్మంటారు. తూటా మనిషిని చంపుతుంది గనుక ఇంత కట్టుదిట్టం. మంచిదే, ఉండవలసిందే.

మరి కూలివాని గుడిసె చూరులో దోపి ఉన్న పురుగుల మందు సీసా మాటేమిటి? దానికి లైసెన్సు లేదు, లెక్క లేదు, తాళం అసలే లేదు. మన ఊళ్ళలో తూటాకు పోయినవాళ్ళెందరు, ఆ సీసాకు పోయినవాళ్ళెందరు? ఏ ఊరి పెద్దను అడిగినా వేళ్ళు మడిచి చెబుతాడు. మొదటి లెక్కకు వేళ్ళు మిగులుతాయి. రెండో లెక్కకు చాలవు.

సంఘం పని మీద మేము పత్తి ఊళ్ళు, మిర్చి ఊళ్ళు తిరుగుతుంటాం. కూలీల ఇళ్ళలోనే తింటాం, అక్కడే పడుకుంటాం. ఉన్నది ఒక్కటే గది. ఒక మూల పొయ్యి, ఒక మూల బియ్యం డబ్బా, గోడ గూట్లో దీపం, దాని పక్కనే సగం వాడిన మందు సీసా. కింద చాప మీద పిల్లలు. ఎకరం కౌలుకు చేసేవాడు తన మందు తాను దాచుకున్నాడంటే అర్థముంది. కానీ చాలా ఇళ్ళలో ఆ మందు కూలివాడిది కాదు, ఆసామిది! "మా ఇంట్లో వాసన పడదు, చిన్నపిల్లలున్నారు, రేపు మళ్ళీ కొట్టేదేగా, నీ దగ్గరే ఉంచు" అని పంపుతో సహా అప్పగిస్తాడు. ఒక ఊళ్ళో ఒకమ్మ మాతో అన్నది: "మా ఇంట్లో ఉన్నవి పిల్లలు కావా అన్నా? కోడిపిల్లలా?" ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

ఈ సంగతి మీద మేము ముందు చేసిన పొరపాటు కూడా ఒప్పుకోవాలి. ఏళ్ళ తరబడి మీటింగుల్లో మేము చెప్పింది ఒకటే: "పెట్టె పెట్టుకోండి, తాళం వేసుకోండి, జాగ్రత్తగా ఉండండి." అంతటితో మా పని అయిపోయిందనుకున్నాం. కాలేదు. ఎందుకు కాలేదో చెప్పేముందు, ఆ పెట్టె సంగతి పూర్తిగా చెప్పుకుందాం. ఎందుకంటే పెట్టె కావాలి. ఈ రాత్రికే కావాలి.

ఖర్చు పెద్దగా లేదు. పాత రేకు ట్రంకు పెట్టె చాలు, లేదా చెక్కలతో మన ఊరి వడ్రంగి కొట్టిచ్చే పెట్టె. దానికో చిన్న తాళం. పెట్టె పడుకునే గదిలో ఉండరాదు, పొయ్యి దగ్గర ఉండరాదు, గింజల పక్కన అసలే ఉండరాదు. మోటారు షెడ్డు గోడకో, కొట్టం గోడకో పిల్లలకు అందనంత ఎత్తున మేకులతో బిగించాలి. వాన తడి, ఎండ తగలరాదు. తాళం చెవి పెట్టె దగ్గరే చిలక్కొయ్యకు వేలాడదీస్తే తాళం వేసినట్టు కాదు. పెద్దవాళ్ళలో ఒకరి మొలతాడుకో, కొంగుకో ఉండాలి.

మందు ఏ డబ్బాలో వచ్చిందో ఆ డబ్బాలోనే ఉండాలి. సారా సీసాలోకి, కూల్‌డ్రింకు సీసాలోకి, నూనె డబ్బాలోకి ఒంపితే చావును పిలిచి పీట వేసినట్టే. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వాళ్ళ కూరలో పడింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు. ఆ పిల్లలంతా పేదల బిడ్డలే.

ఖాళీ డబ్బాను నీళ్ళకు, కిరసనాయిలుకు వాడవద్దు. బొక్కలు పొడిచి, బావికీ చెరువుకూ దూరంగా పాతిపెట్టాలి. ఎవరైనా మింగితే నాటువైద్యం పేరుతో ఉప్పునీళ్ళు తాగించి కక్కించవద్దు. వెంటనే 108కి ఫోను చేయాలి. సీసాను దాని మీది కాగితంతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు ఏం చేయాలో చెప్పగలడు.

ఇక అసలు సంగతి. పెట్టె ఒక్కటే చాలుతుందా? శ్రీలంకలో ఈ పరీక్ష పెద్దయెత్తున చేశారు. 180 గ్రామాలు, 50 వేలకు పైగా ఇళ్ళు. సగం ఊళ్ళలో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చారు, సగం ఊళ్ళలో ఇవ్వలేదు. 2017లో ఫలితం ప్రకటించారు. మందు తాగి ప్రాణం తీసుకోబోయేవారి సంఖ్య పెట్టెలున్న ఊళ్ళలో తగ్గినట్టు కనబడలేదు. పెట్టె పసిపిల్లల చేతికి సీసా అందకుండా ఆపుతుంది. ఆ మేలు చిన్నది కాదు. అయితే అప్పులవాడు వాకిట్లో నిలబడి నానా మాటలని పోయిన రాత్రి, తాళం చెవి తన మొలకే ఉన్న మనిషిని ఆ పెట్టె ఎట్లా ఆపుతుంది?

అదే శ్రీలంకలో మరో పని ఫలించింది. 1995 నుంచి అతి విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది. "మందులు లేకపోతే పంట పోతుంది" అని బెదిరించినవాళ్ళున్నారు. ఆ నిషేధాల వల్ల దిగుబడులు పడిపోలేదు. అన్నలారా, దీని భావం గమనించండి. కోపంలోనో దుఃఖంలోనో ఒక గడియ మతి తప్పిన మనిషి, ఆ గడియ దాటితే బతుకుతాడు. ఆ గడియలో చేతికందేది ఏమిటన్నదే చావుబతుకుల తేడా.

మన దేశం ఏం చేసింది? మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని 2005లో అన్నారు. గండామన్ పిల్లలు పోయింది ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు. దాని 36 శాతం ద్రవాన్ని ఆపే ఉత్తర్వు 2023కు గాని రాలేదు. 1971 నాటి పురుగుమందుల నిబంధనలు మందును వేరే గదిలోగాని, తాళం వేసిన బీరువాలోగాని ఉంచాలంటాయి. ఒకటే గదివాడు వేరే గది ఎక్కడ తెస్తాడు? చట్టం రాసినవాళ్ళకు మన గుడిసె తెలియదు.

తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతపు రెండు ఊళ్ళలో మరో దారి తొక్కి చూశారు. ఊరికంతటికీ ఒక మందుల గది కట్టి, అందులో రైతులకు తాళం వేసే అరలిచ్చారు. అవసరమైనప్పుడు వచ్చి తీసుకుంటారు, పని కాగానే తెచ్చి పెడతారు. అది రెండూళ్ళ అనుభవమే, అయినా ఆశ పుట్టించే అనుభవం. మన ఊళ్ళలో పంచాయతీ గది లేదా? సహకార సంఘం గోదాములో ఒక మూల దొరకదా?

అందుచేత మేము కోరేవి ఇవి. ఆసామి మందు ఆసామి ఇంటనే, ఆసామి తాళం కిందనే ఉండాలి. కూలివాడు చేను దగ్గర అందుకుని చేను దగ్గరే అప్పగిస్తాడు, ఇంటికి మోయడు. సన్నకారు రైతులకు, కౌలుదార్లకు ఊరుమ్మడి మందుల గదిని పంచాయతీ ఏర్పాటు చేయాలి. విరుగుడు లేని మందులను అమ్మకుండా ప్రభుత్వం ఆపాలి. ఈ మూడూ వచ్చే గ్రామసభలోనే పెట్టండి. మొదటిదానికి ప్రభుత్వం దాకా పోనక్కరలేదు. ఊళ్ళో కూలీలంతా ఒక్క మాట మీద నిలిస్తే రేపటి నుంచే అమలవుతుంది.

అంతవరకు ఈ రాత్రి చేయగలిగింది చేద్దాం. చూరులో చెయ్యి పెట్టి ఆ సీసాను బయటికి తీయండి. పక్కింటివాడు నాలుగు రోజులుగా మాట్లాడకుండా ముడుచుకు కూర్చుంటే వాడి ఇంట్లో మందును మీరు తెచ్చి దాచండి, వాడి పక్కన కూర్చోండి. 14416కు ఫోను చేస్తే డబ్బు తీసుకోకుండా మాట్లాడేవాళ్ళున్నారని చెప్పండి. తాళం పెట్టెకు వేద్దాం. మనిషిని మాత్రం ఒంటరిగా గదిలో వదలొద్దు.