ఒక్క యాంటెన్నా అయినా చేతులతో చేయించండి

మన ఊళ్లలో డాబాల మీద వాడకుండా వదిలేసిన డీటీహెచ్ డిష్‌లు ఎన్ని ఉన్నాయో ఒకసారి తలెత్తి చూడండి. కనెక్షన్ మారిస్తే కొత్తవాళ్లు కొత్త డిష్ బిగించి వెళ్తారు, పాతది అక్కడే తుప్పు పడుతుంది. ఇంట్లోకి వైఫై వచ్చాక కొత్తదీ మూలపడుతుంది. పాత ఇనప సామాన్ల బండికి కిలోల లెక్కన వేసే ఆ 60 సెంటీమీటర్ల రేకు, 10 గిగాహెర్ట్జ్ దగ్గర సంకేతాన్ని రెండు వేల రెట్లకు పైగా పోగుచేసి ఇస్తుంది. దాని పారాబోలా బొమ్మను ఈసీఈ పిల్లలు పరీక్షలో మార్కుల కోసం వేస్తూనే ఉంటారు. స్పానర్ పట్టుకుని ఆ డిష్‌ను విప్పి చూసినవాళ్లు మాత్రం అరుదు.

నేను కోస్తా జిల్లాల పాలిటెక్నిక్‌లలో మైక్రోవేవ్ సబ్జెక్టు చెప్పి రిటైరైన మనిషిని. కాకినాడలో ఉంటాను, హామ్ రేడియో లైసెన్సు ఉంది. డిప్లొమా అయినా బీటెక్ అయినా, ఎలక్ట్రానిక్స్ చదివే ప్రతి విద్యార్థి చేతా కనీసం ఒక మైక్రోవేవ్ యాంటెన్నా స్వయంగా చేయించి, కొలిపించి, ఆ తర్వాతే పట్టా చేతికివ్వాలని నేను అడుగుతున్నాను.

మైక్రోవేవ్ ల్యాబ్ చూడని పాఠకుల కోసం చెబుతాను. బల్ల మీద ఇత్తడి వేవ్‌గైడ్ ముక్కలు వరసగా బిగించి ఉంటాయి. ఒక చివర క్లిస్ట్రానో గన్ ఆసిలేటరో, మధ్యలో ఐసోలేటర్, అటెన్యుయేటర్, రెండో చివర హారన్ యాంటెన్నా. బెంచికి ఐదారుగురు పిల్లలు. ఒకరు నాబ్ తిప్పుతారు, ఒకరు మీటరు చూస్తారు, మిగతావాళ్లు రాసుకుంటారు. మీటరు కదలకపోతే సీనియర్ల రికార్డు ఉండనే ఉంటుంది. ఆ హారన్ మూతి అంత వెడల్పే ఎందుకుందో అడిగే అవసరం ఎవరికీ రాదు. అది కొన్న వస్తువు కదా.

ఈ బెంచీలు పనిచేసేది ఎక్స్ బ్యాండ్‌లో, అంటే 8.2 నుంచి 12.4 గిగాహెర్ట్జ్ మధ్య. ఖతార్ వాళ్ల ఎస్‌హెయిల్-2 ఉపగ్రహం నుంచి హామ్‌ల మాటలు కిందికి దిగేదీ అక్కడే, 10,489 మెగాహెర్ట్జ్ పైన. 2018 నవంబరులో ఎగిరిన ఈ ఉపగ్రహం భూస్థిర కక్ష్యలో హామ్ రేడియో ట్రాన్స్‌పాండర్లు మోసుకెళ్లిన మొదటిది. హామ్‌లు దాన్ని క్యూఓ-100 అంటారు. 26 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, ఆఫ్రికా మీద నిలబడి ఉంటుంది. బ్రెజిల్ నుంచి థాయ్‌లాండ్ దాకా కనబడుతుంది, మన కాకినాడకూ కనబడుతుంది. పగలూ రాత్రీ అక్కడ ఎవరో ఒకరు మాట్లాడుకుంటూ ఉంటారు. పుస్తకంలో చదివిన అధ్యాయం అంతా గాలిలో నడుస్తోంది, వినడానికి డాబా ఎక్కితే చాలు.

ఎక్కి చూస్తే పిల్లలకు ఎన్ని ప్రశ్నలు పుడతాయో! మనకు ఆ ఉపగ్రహం దాదాపు పడమటనే, దిగంతం మీద 24 డిగ్రీల ఎత్తున ఉంటుంది. కానీ డీటీహెచ్ డిష్ ఆఫ్‌సెట్ రకం. దాని చూపు తన మొహానికి నేరుగా ఉండదు, ఇంచుమించు పాతిక డిగ్రీలు పైకి ఉంటుంది. అందుకని దాన్ని నిటారుగా నిలబెట్టాలి. పక్కింటి గోడకేసి తిప్పినట్టు కనిపిస్తుంది, నిజానికి అది ఆకాశాన్నే చూస్తుంటుంది. దాని చూపు వెడల్పు మూడు డిగ్రీల చిల్లర, కాబట్టి వేలెడు పక్కకు జరిగినా సంకేతం పోతుంది. ఉపగ్రహం మనకు అంత పడమరగా ఉండటం వల్ల అక్కడి నిలువు పోలరైజేషన్ మన దగ్గరకు వచ్చేసరికి దాదాపు 70 డిగ్రీలు ఒరిగిపోతుంది. డిష్ ముందు సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బిని అంత మేర తిప్పుకోవాలి. తిప్పుతుంటే శబ్దం ఎక్కడ పెరిగిందో, ఎక్కడ మాయమైందో చెవులతో విన్న పిల్లకు పోలరైజేషన్ నిర్వచనం మళ్లీ బట్టీ పట్టించాల్సిన పని ఉండదు. యూనివర్సల్ ఎల్‌ఎన్‌బి ఆ సంకేతాన్ని 739 మెగాహెర్ట్జ్‌కు దించుతుంది. దాన్ని చిన్న యూఎస్‌బీ రేడియో రిసీవర్ అందుకుని ల్యాప్‌టాప్ తెర మీద పరుస్తుంది. ఎల్‌ఎన్‌బి పాత రకమైతే రోహిణి కార్తె ఎండకు దాని ఫ్రీక్వెన్సీ జారిపోతూ ఉంటుంది. ఫ్రీక్వెన్సీని జారకుండా పట్టి ఉంచే పీఎల్ఎల్ ఎందుకు కావాలో అప్పుడు తెలుస్తుంది.

ఇక పంపే వైపు యాంటెన్నా. ఉపగ్రహానికి మాట పైకి వెళ్లేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, 12.5 సెంటీమీటర్ల తరంగం. దానికి డిష్ ముందు రాగి తీగ చుట్టతో హెలిక్స్ పెట్టుకోవచ్చు. చుట్టు కొలత ఒక తరంగదైర్ఘ్యం, అంటే నాలుగు సెంటీమీటర్ల వ్యాసమున్న పీవీసీ గొట్టం మీద చుట్టేయవచ్చు. ప్రసారానికి లైసెన్సు తప్పనిసరి, అది ఇచ్చిన బ్యాండ్లలోనే పంపాలి. చుట్టి కొలవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ హెలిక్స్ పుట్టిన కథ నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్పేదాన్ని. 1946లో అమెరికాలోని ఓహాయోలో జాన్ క్రౌస్ అనే ప్రొఫెసర్ ఒక ఉపన్యాసానికి వెళ్లాడు. ఆయన హామ్ కూడా. ట్రావెలింగ్ వేవ్ ట్యూబులో వాడే తీగ చుట్టను చూపించాడు వక్త. ఇది యాంటెన్నాగా పనికొస్తుందా అని క్రౌస్ అడిగాడు. ప్రయత్నించాం, పని చేయలేదని జవాబు వచ్చింది. క్రౌస్ ఇంటికెళ్లి, నేలమాళిగలో ఏడు చుట్ల తీగ చుట్టి, తన దగ్గరున్న 12 సెంటీమీటర్ల ఆసిలేటరుకు తగిలించాడు. చుట్ట కొస నుంచి సూటిగా, వృత్తాకార పోలరైజేషన్‌తో కిరణం బయటికొచ్చింది. పెద్ద లాబొరేటరీ కాదు, ఇల్లు. మన పిల్లలు పీవీసీ గొట్టం మీద చుట్టేదీ ఇంచుమించు అదే తరంగానికి.

ఎటు చుట్టాలన్న దగ్గరే అసలు చదువుంది. ఉపగ్రహానికి కుడిచేతి పోలరైజేషన్ కావాలి. డిష్‌కు తగిలి తిరిగేటప్పుడు తరంగం చేతివాటం మారుతుంది. కాబట్టి తీగను ఎడమచేతి వాటంగా చుట్టాలి. ఈ ముక్కను బోర్డు మీద చెబితే క్లాసంతా తలూపుతుంది. తీగ చేతికిస్తే సగం క్లాసు ఆగి ఆలోచిస్తుంది. ఆ ఆలోచన కోసమే నేను ఇంత గట్టిగా అడుగుతున్నాను.

సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఉందిగా అంటారు. ఉండాలి, ముందు అందులో గీయాలి కూడా. కానీ సోల్డరు ఎక్కువ పడిందని, కనెక్టర్ వదులైందని, తీగ రెండు మిల్లీమీటర్లు పొడుగైందని అది చెప్పదు. 12 సెంటీమీటర్ల తరంగానికి రెండు మిల్లీమీటర్లంటే తక్కువేం కాదు. యాంటెన్నా కొలిచే నెట్‌వర్క్ అనలైజరు ఒకప్పుడు లక్షల రూపాయల మాట. ఇప్పుడు 3 గిగాహెర్ట్జ్ దాకా కొలిచే అరచేతిలో పట్టే రకం కొన్ని వేలకే దొరుకుతోంది. డబ్బు లేదన్న సాకు పోయింది.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. ల్యాబ్‌లో డ్రిల్లు, రేకు కత్తెర మగపిల్లల చేతికి వెళ్తాయి. ఆడపిల్లలకు రికార్డు అందంగా రాసే పని మిగులుతుంది. నన్నూ అలాగే పెంచారు. అందుకే నా క్లాసులో తీగ చుట్టడం ఆడపిల్లలతోనే మొదలుపెట్టేదాన్ని. సోల్డరింగ్‌లో వాళ్ల చేయి ఎంత నిలకడగా ఉంటుందో చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఈ దేశం సగం ఇంజినీర్లను రికార్డు రాతకు పంపేస్తోంది.

ఇది పరదేశపు సరదా అనుకునేవాళ్లు జగదీశ్ చంద్ర బోస్‌ను గుర్తు చేసుకోవాలి. 1890లలో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో, స్థానిక రేకు పనివాడితో పరికరాలు చేయించుకుని, మిల్లీమీటర్ల తరంగాలతో ప్రయోగాలు చేశాడాయన. పోలరైజర్‌గా రైల్వే టైంటేబుల్ పుస్తకాన్ని వాడాడు. హారన్ యాంటెన్నాకు మొదటి రూపాలలో ఆయనదొకటి.

పెద్ద సంస్కరణేమీ అక్కర్లేదు. సిలబస్‌లోని ల్యాబ్ ప్రయోగాలలో ఒకదాన్ని తీసి, ఆ పీరియడ్లు దీనికి ఇవ్వండి. హెలిక్స్ కష్టమనిపిస్తే 9 సెంటీమీటర్ల వ్యాసమున్న రేకు డబ్బాతో మొదలుపెట్టండి. వ్యాసం 7.3 కన్నా తగ్గితే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం అందులో నడవదు. ఎందుకో పిల్లలనే లెక్క కట్టమనండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లే నా తోటి లెక్చరర్లకు నాదో విన్నపం. వైవాలో రికార్డు తెరవక ముందు, నువ్వు చేసిన యాంటెన్నా ఏదమ్మా అని అడగండి. మార్కుల్లో సగం దానికే వేయండి.