చుట్టాలొచ్చినప్పుడు పాతబస్తీ

నేను పుట్టి పెరిగింది లాల్‌దర్వాజాలో. ఈ మాట చెప్పినప్పుడల్లా ఇక్కడ డల్లాస్‌లో మనవాళ్లు నన్ను ఓ రకంగా చూస్తారు. "అక్కడ మనవాళ్లు కూడా ఉంటారా?" అని అడిగినవాళ్లు బోలెడుమంది. ఉంటారండీ బాబూ, సింహవాహిని అమ్మవారి బోనాలు మరి ఎవరు చేస్తారనుకున్నారు? మన ఐటీ జనాభాకి హైదరాబాద్ అంటే కూకట్‌పల్లిలో మొదలై గచ్చిబౌలిలో అయిపోతుంది. చార్మినార్ అనేది అమెరికా నుంచి వచ్చిన వదినగారికి గాజులు కొనిపెట్టటానికి ఏడాదికోసారి వెళ్లే చోటు. మూసీ దాటటమంటే వీసా కావాలన్నట్టు మాట్లాడతారు.

2017 నవంబరులో మా చిన్నాన్న కూతురి పెళ్లికని వెళ్లాను. సరిగ్గా అదే వారం ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు, అదే జీఈఎస్. 28 నుంచి 30 దాకా, హెచ్ఐసీసీలో. నీతి ఆయోగ్, అమెరికా విదేశాంగశాఖ కలిసి పెట్టాయి. దక్షిణాసియాలో అది జరగటం అదే మొదలు. ఇవాంకా ట్రంప్ వచ్చింది, మోదీ వచ్చాడు, మిత్ర అనే రోబో స్టేజీ మీద స్వాగతం చెప్పింది. మొదటిరోజు రాత్రి విందు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో, 101 మంది ఒకేసారి కూర్చునే ఆ పొడుగు టేబుల్ మీద. అంటే ఊరికి ఆ కొసనున్న హైటెక్స్ నుంచి ఈ కొసనున్న మా పాతబస్తీ దాకా అతిథుల ప్రయాణం. అదీ సంగతి.

నేను మాదాపూర్‌లో మా బావ ఇంట్లో దిగాను. రోడ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. డివైడర్లకి కొత్త రంగులు, కుండీల్లో పూలమొక్కలు, ఫ్లైఓవర్ల గోడల మీద బొమ్మలు. మా ప్రాజెక్టులో క్లయింట్ విజిట్ ఉన్నప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. మీకూ తెలిసే ఉంటుంది. రిసెప్షన్‌లో రంగోలీ, పగిలిన టైల్స్ మీద కార్పెట్, బెంచి మీద ఉన్న కుర్రాళ్లని ఆ రెండ్రోజులూ పక్క బిల్డింగులో కూర్చోమనటం. డెమోలో క్లయింట్ ఏ బటన్ నొక్కుతాడో ముందే తెలుసు కాబట్టి ఆ దారి ఒక్కటే పనిచేసేలా కోడ్ రాసేసి, మిగతా మెనూ అంతా గ్రే చేసి పెట్టేస్తాం. నేనూ చేశాను అలాంటివి, తప్పించుకోలేం.

ఈ బెంచి వ్యవహారమే నాకు మింగుడుపడలేదు. ఆ నెల మొదట్లోనే ఊళ్లో రెండు నెలలపాటు, అంటే 2018 జనవరి 7 దాకా, అడుక్కోవటాన్ని నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వచ్చింది. దొరికినవాళ్లని వ్యాన్లెక్కించి మగవాళ్లని చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమానికి, ఆడవాళ్లని చర్లపల్లికి తీసుకెళ్లారు. అలా తీసుకెళ్లినవాళ్లలో లండన్‌లో ఎంబీఏ చదివినావిడ ఒకరు, అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నావిడ ఒకరు ఉన్నారని పేపర్లలో వచ్చింది. మా డల్లాస్ మిత్రులు ఆ వార్తని తెగ ఫార్వర్డ్ చేశారు, జోకుగా! పదేళ్లుగా గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డవాడికి అందులో నవ్వేం కనిపించిందో నాకైతే అర్థం కాలేదు.

నిజం చెప్పొద్దూ, ఇదే పని 2000 మార్చిలో క్లింటన్ వచ్చినప్పుడూ చేశారు. అప్పుడు నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. సైబర్ టవర్స్ కట్టి రెండేళ్లు కూడా నిండలేదు, మాకందరికీ కళ్లనిండా అమెరికానే. బిచ్చగాళ్లని ఊరవతలికి తరలించారని చదివి "శభాష్, ఇన్నాళ్లకి ఓ మంచిపని చేశారు" అనుకున్నవాణ్ణి నేను. అంచేత ఇక్కడ ఎవరికీ నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

సదస్సు మొదలైన పొద్దున హైటెక్ సిటీ స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కి ఫలక్‌నుమాలో దిగాను. బావ కారిస్తానన్నాడు గానీ ఆ ట్రాఫిక్ ఆంక్షల్లో కారేసుకుని ఎక్కడికెళతాం? అతిథులు ఆ రాత్రి వెళ్లబోయే చోటికి రైల్లో బేగంపేట, సికిందరాబాద్, కాచిగూడ, మలక్‌పేట, యాకుత్‌పురా మీదుగా వెళ్లాను. ఈ దారిలో ఎవరూ రంగులు వేయలేదు. స్టేషన్ నుంచి ఇంజన్‌బౌలి, శంషీర్‌గంజ్, అలియాబాద్ మీదుగా శాలిబండ దాకా నడిచాను. పెద్దరోడ్డు నున్నగా ఉంది, తారు వాసన ఇంకా పోలేదు. సందులోకి ఇరవై అడుగులు వేస్తే మాత్రం మురుగునీళ్లు, ఎప్పట్లాగే. కొత్త తారు ఆగిపోయిన చోట గీత గీసినట్టు కనిపిస్తోంది. కమిట్ ఎక్కడిదాకా జరిగిందో డిఫ్ తీసి చూపించినట్టు.

శాలిబండ మలుపులో ఓ ముసలాయన కూర్చునేవాడు. అంటే నా చిన్నప్పటి ముసలాయన కాదు, ఆయనెప్పుడో పోయుంటాడు. ఆ జాగాలో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. మా నాన్న గురువారం గురువారం నా చేత అక్కడ పావలా వేయించేవాడు. ఆవేళ ఆ జాగా ఖాళీగా ఉంది, పక్కనే కొత్త పూలకుండీ.

ఖాలా ఇంటికి వెళ్లాను. ఖాలా అంటే మా పక్కింటావిడ. లక్క గాజులు చేసే కుటుంబం. నిప్పుల మీద లక్క మెత్తబడగానే రేకుగాజుకి చుట్టి, వేడి చల్లారేలోపు అద్దంముక్కలు, రాళ్లు ఒక్కొక్కటే అద్దాలి. ఆవిడ వేళ్ల చివర్లు ఎప్పుడూ కాలిన మచ్చలతో ఉండేవి. 1990 డిసెంబరు గొడవల్లో మూడు రాత్రులు మమ్మల్ని వాళ్లింట్లో పెట్టుకుంది. ఆ తర్వాతే మా నాన్న ఇల్లు ఖాళీ చేసి దిల్‌సుఖ్‌నగర్ మార్చాడు. అక్కణ్ణుంచి నేను డల్లాస్. ఆవిడ అక్కడే.

లాడ్‌బజార్‌కి ఇవాంకా వస్తుందని ఊరంతా చెప్పుకున్నారు. "వస్తుందా ఖాలా?" అని అడిగితే "కైకు ఆతీ బేటా ఇధర్?" అని నవ్వింది. ఆవిడే కరెక్టు. ఇవాంకా మర్నాడు గోల్కొండ చూసుకుని వెళ్లిపోయింది. సదస్సు నినాదం ఏమిటో గుర్తుందా? మహిళలకు పెద్దపీట, అందరికీ ఐశ్వర్యం. ఆ నినాదానికి సరిపోయే మహిళ ఫలక్‌నుమా గేటుకి కాస్త దూరంలోనే కూర్చుని, కుంపటి ముందు యాభై ఏళ్లుగా సొంత వ్యాపారం చేస్తోంది. పిచ్ డెక్ ఒక్కటే లేదు.

సాయంత్రానికి ఆ రోడ్డు మూసేశారు. ఖాలా మనవరాలికి ట్యూషన్ పోయింది. నేను వచ్చిన దారినే నడిచి మళ్లీ రైలెక్కాను.

రాత్రి ఇదంతా చెబితే బావ విసుక్కున్నాడు. "ఇంటికి చుట్టాలొస్తే ఊడుస్తం గదా, గింత లొల్లెందుకు బావా?" అన్నాడు. ఊడుస్తాం, కాదన్నదెవరు? ముందుగది ఊడుస్తాం, మంచి దుప్పటి వేస్తాం. నానమ్మని మాత్రం తీసుకెళ్లి పక్కింట్లో పెట్టం కదా. ఇంకోటి, చుట్టాలు పోయాక అయినా వెనకగది బాగుచేసుకోవాలి. అదే రోజు, నవంబరు 28న, మియాపూర్‌లో మెట్రో ప్రారంభించారు. అసలు ప్లానులో ఫలక్‌నుమా కూడా ఉంది. జేబీఎస్ నుంచి వచ్చిన ఆ లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గరకొచ్చి, మూసీని చూసి ఆగిపోయింది. పాతబస్తీ ముక్కకి శంకుస్థాపన జరిగేసరికి 2024 మార్చి వచ్చింది. అతిథుల కోసం వారంలో రోడ్డు వేయగలిగినవాళ్లం, అక్కడుండేవాళ్ల కోసం ఐదున్నర కిలోమీటర్లకి ఇన్నేళ్లు తీసుకున్నాం. చేతకాక కాదు, ఎవరూ బగ్ రిపోర్ట్ చేయక కూడా కాదు. ప్రయారిటీ ఫోర్ వేసి పక్కన పెట్టారు, అంతే.

ఇప్పుడెందుకు ఇదంతా తవ్వుతున్నానంటే, 2025 మే 13న మిస్ వరల్డ్ పోటీకి వచ్చినవాళ్లని చార్మినార్, లాడ్‌బజార్ చూపించటానికి తీసుకెళ్లారు. ఈసారి నిజంగానే వచ్చారు, గాజులు వేసుకున్నారు, ఫోటోలు బాగున్నాయి. మా వాట్సాప్ గ్రూపులో "మన హైదరాబాద్" అని నేనూ ఓ ఫోటో పెట్టాను. సరిగ్గా ఐదు రోజులకి, 18వ తారీకు తెల్లవారుజామున, చార్మినార్‌కి నాలుగడుగుల దూరంలో గుల్జార్‌హౌజ్ దగ్గర ఓ పాత ఇల్లు అంటుకుంది. పదిహేడుమంది పోయారు, ఒకే కుటుంబం. ఎనిమిదిమంది చిన్నపిల్లలు. షార్ట్ సర్క్యూట్ అన్నారు. ఇరుకు గుమ్మం ఒకటి, సన్నటి మెట్లదారి ఒకటి, వేరే దారి లేదు. ఆ వీధి ముందుభాగాన్ని ఎన్నిసార్లు కడిగి దీపాలు పెట్టామో లెక్క తీయొచ్చు. వెనక వైరింగు ఎవరు చూశారు?

ఆ రోజు ఖాలా కొడుక్కి ఫోన్ చేశాను. ఖాలా పోయి మూడేళ్లయింది, వాళ్లు అదే ఇంట్లో ఉంటున్నారు. మీ ఇంటికి మెట్లు ఎన్ని వైపుల అని అడిగాను. ఒకటే వైపు అన్నాడు. మరి కరెంటు మీటరెక్కడుందంటే, ఆ మెట్ల కిందే అన్నాడు.